షణ్ముఖోదయం

కావ్యమన్నాక ముందు ఇష్టదేవతాస్తుతి ఉండాలి కదా. తమ్ముడు నెమలినెక్కి ముల్లోకాల తీర్థాలూ చుట్టి వచ్చేలోపు, అమ్మానాన్నల చుట్టూ ప్రదక్షిణం చేసి గణాధిపత్యం కొట్టేసిన ఎలుకవాహనుడికి మొదటి దండం. ఆ నెమలితోనూ ఆ ఎలుకతోనూ మనకు ముందు ముందు పని ఉంది.

తరువాత కుకవినింద. "ఈ రోజుల్లో అసెంబుల్డ్ ఎవరు కొంటున్నారండీ, హాయిగా ఒక ల్యాప్‌టాప్ తీసుకోక!" అన్న ఎదురు ఫ్లాట్ పెద్దమనిషినీ, "మొత్తం ఎంతయింది? అయ్యో, మా వాడైతే ఇంకో మూడు వేలు తగ్గించి ఇప్పించేవాడే" అన్న ఆఫీసు మిత్రుణ్ణీ ఒకసారి తలచుకొని, వెంటనే మరచిపోయి ముందుకు పోతున్నాను.

కృతిభర్త మా నాన్నగారు. ముప్పై ఏళ్ళకు పైగా హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరైన మనిషి. ఫోన్లో రాయబోతే వేలి కింద ఒకేసారి రెండక్షరాలు పడుతున్నాయనీ, తన ఊరి సంగతులు రాసుకోవడానికి "బల్లంత యంత్రం" ఒకటి కావాలనీ అన్నారు. కృతి కోరిన రాజులు పూర్వం అగ్రహారాలిచ్చేవారు. ఈయన పెన్షను ఖాతాలోంచి నలభై వేలిచ్చారు. ఇక్కడ షష్ఠ్యంతాలు రావాలి. రాయడం లేదు. ఆరు అంకె మీద నాకున్న భక్తినంతా నాయకుడి కోసం దాచుకున్నాను.

పురవర్ణనకు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ చాలు. జంటనగరాల్లో సి.టి.సి. అంటే తెలియని కంప్యూటర్ కుర్రాడు ఉండడు. ప్రబంధపురంలో కోట గోడలు ఆకాశాన్ని ఒరుసుకుంటే, ఇక్కడ అట్టపెట్టెలు సీలింగును ఒరుసుకుంటాయి. అక్కడ మేడల మీద మగువల చూపులైతే ఇక్కడ గుమ్మాల్లో స్టూళ్ళు, స్టూళ్ళ మీద కుర్రాళ్ళు, వాళ్ళ నోట "ఏం కావాలి సార్, ప్రాసెసరా, ర్యామా?" అన్న కోకిలారావం. కొటేషన్ కాగితాలు ఏడు సేకరించి, ఎనిమిదో దుకాణంలో కొన్నాను. ఎందుకని అడక్కండి. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది.

ఇక నాయకుడు. పేరు రైజెన్ 5 5600జి. నాలుగు సెంటీమీటర్ల చదరం. బిస్కెట్ కంటే చిన్నవాడు. అడుగున 1331 బంగారు కాళ్ళు. ఒక్కటి వంగినా అవతారం చాలించినట్టే. ఒక మూల చిన్న పసిడి త్రికోణం ఉంటుంది, పీఠం మీద త్రికోణానికి దాన్ని ఎదురుగా పెట్టి వదిలితే తనంత తానే దిగి కూర్చుంటాడు, నొక్కరాదు. లోపల కోర్లు 6, థ్రెడ్లు 12. అంటే ఆరు ముఖాలు, పన్నెండు చేతులు. డబ్బా మీద ఈ రెండంకెలూ చదివినప్పుడే నాకు ఒళ్ళు జలదరించింది. ఇది సిలికాన్ ముక్క కాదు, సాక్షాత్తూ సుబ్రహ్మణ్యేశ్వరుడు! సెకనుకు 390 కోట్ల సార్లు గుండె కొట్టుకుంటుంది, ఉత్సాహం వస్తే 440 కోట్లు. ఇంతా చేసి ఆయన ఆహారం 65 వాట్లు, మన పాత వసారాలో వెలిగిన గుండు బల్బు తిన్నంత.

శైలవర్ణన కావాలన్నవారికి ఆయన నెత్తిన అల్యూమినియం రెక్కల కూలర్ ఉంది. దాని అడుగున గంధం కంపెనీవారే పూసి పంపారు. గంగావతరణం కావాలన్నవారికి ఎస్.ఎం.పి.ఎస్. ఉంది. గోడ సాకెట్లోంచి 230 వోల్టుల ఉగ్రప్రవాహం వచ్చి మీద పడితే, తన జడల్లో బంధించి, 12, 5, 3.3 వోల్టుల పాయలుగా చీల్చి, నెమ్మదిగా కిందికి వదులుతుంది. ఆ జడల్ని క్యాబినెట్ వెనక దాచి కట్టడానికి నాకు పన్నెండు జిప్ టైలు పట్టాయి. జటాజూటం అంత తేలిగ్గా ముడిపడుతుందని శివుణ్ణి చూసి అనుకున్నాం గానీ, కాదు.

అన్ని కష్టాలకూ పెద్ద కష్టం మాత్రం ముంగిటి తీగలు. క్యాబినెట్ ముందున్న మీట నుంచి, దీపాల నుంచి, రీసెట్ బొత్తాం నుంచి దారాల్లాంటి తీగలు వచ్చి, మదర్‌బోర్డు మూలనున్న తొమ్మిది సూదుల మీద కూర్చోవాలి. ఒక్కో తీగ తలకాయ మీద చీమ తలంత అక్షరాలు: పవర్ స్విచ్, రీసెట్ స్విచ్, పవర్ ఎల్.ఈ.డి. ప్లస్సు, మైనస్సు. స్విచ్‌లకి ఏ పక్కనుంచి తొడిగినా ఒకటే. దీపానికి మాత్రం ప్లస్సూ మైనస్సూ తారుమారైతే వెలగదు. నా బొటనవేలు ఆ తొమ్మిది సూదుల్లో ఆరింటిని ఒకేసారి కప్పేస్తోంది. నోట్లో సెల్‌ఫోను కరుచుకొని, దాని టార్చి వెలుగులో, అమ్మ బొట్టు బిళ్ళలు తీసే చిన్న పట్టుకారుతో, ఊపిరి బిగబట్టి తొడిగాను. గాండీవానికి నారి తొడిగినవాడు నోట్లో టార్చి పెట్టుకొని తొడిగినట్టు ఎవరూ రాయలేదు.

ఇది శ్రీమత్ పెన్షన్‌లబ్ధ ధనవ్యయకుశల, సహజ స్క్రూడ్రైవర్ పాండిత్య, స్వయంప్రకటిత ఇంజనీరు ప్రణీతంబైన షణ్ముఖోదయంబను మహాప్రబంధంబునందు సర్వంబును ప్రథమాశ్వాసము. ఇప్పుడు టీ.

టీ తాగి మీట నొక్కబోతుంటే అమ్మ అడ్డొచ్చింది. ఆదివారం, సాయంత్రం నాలుగూ నలభై. నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. "ఇన్నాళ్ళు ఆగినవాళ్ళం గంటన్నర ఆగలేమా?" అంది. సెకనుకు 390 కోట్ల అంగలు వేయగలవాడు రాహువు కోసం గంటన్నర ఆగాడు. ఆరు దాటాక క్యాబినెట్ అద్దం మీద పసుపు, కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి, "ఊఁ" అంది. ఫ్యానుకు దగ్గరగా హారతి తేవద్దని వేడుకున్నాను.

మీట నొక్కాను. ఫ్యాన్లు గిర్రున లేచాయి. వాటి అంచుల్లో రంగుల దీపాలు వెలిగాయి, ఆకుపచ్చ, నీలం, ఊదా, మళ్ళీ ఆకుపచ్చ. ఆ దీపాలు అక్కర్లేదని దుకాణంలో గట్టిగా వాదించి ఓడిపోయిన వాణ్ణి నేను. ఇప్పుడు చూస్తే నెమలి పురి విప్పినట్టుంది. వాహనం సిద్ధం.

స్వామి మాత్రం రాలేదు. మానిటర్ మీద "నో సిగ్నల్" అన్న రెండు మాటలు ఒక చిన్న డబ్బాలో కూర్చొని, తెర ఈ మూల నుంచి ఆ మూలకు విలాసంగా షికారు చేస్తున్నాయి.

ఇక్కడ యుద్ధవర్ణన. మదర్‌బోర్డు అంచున నాలుగు బుల్లి దీపాలుంటాయి: సి.పి.యు., డ్రామ్, వి.జి.ఎ., బూట్. మీట నొక్కగానే ఒక్కొక్కటే వెలిగి ఆరాలి. ఏది ఆరకుండా నిలిచిపోతే శత్రువు అక్కడున్నట్టు. రెండోది నిలిచిపోయింది. అంటే ర్యామ్. మా ఇంట్లో ఆ జాతివారు ఇద్దరు, ఎనిమిదేసి జీబీల అన్నదమ్ములు. నాలుగు స్లాట్లలో రెండోదీ నాలుగోదీ వారికి కేటాయించారు. పక్కపక్కనే కూర్చోబెట్టకూడదు. మధ్యలో ఒక కుర్చీ ఖాళీగా ఉంటేనే ఇద్దరూ చెరో దారిలో డేటా మోసి పని రెండింతలు చేస్తారు. పెళ్ళిభోజనాల్లో దాయాదుల్ని కూర్చోబెట్టే పద్ధతే.

పిన్ని కొడుక్కి ఫోన్ చేశాను. పన్నెండేళ్ళుగా కంప్యూటర్లు బాగుచేస్తున్నాడు.

"అన్నయ్యా, ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దు."

"కొత్త ర్యామ్‌రా!"

"అయితే ఏంటి? రుద్దు."

మన దేశంలో డిస్‌ప్లే రాని ప్రతి కంప్యూటరుకూ మొదటి వైద్యం ఇదే. ర్యామ్ అంచున ఉండే బంగారు పళ్ళ మీద పట్టిన మురికిని పెన్సిలు రబ్బరుతో తుడవడం. కొత్తదానికి మురికెక్కడిది? అయినా నాన్నగారు అప్పటికే లోపలికెళ్ళి తన పెన్సిలు పెట్టె తెచ్చేశారు. అందులోంచి ఒక రబ్బరు తీసి, బ్రహ్మాస్త్రం ఉపదేశిస్తున్న గురువు ముఖం పెట్టి, నా అరచేతిలో ఉంచారు. నటరాజ్ రబ్బరు. కొడుకు కదలక పడి ఉంటే తండ్రే కదిలి వచ్చాడన్నమాట.

ప్లగ్గు పీకి, చేతికి అంటిన స్థావర విద్యుత్తు పోవడానికి ఇనుప క్యాబినెట్‌ను ఒకసారి తాకి, అన్నదమ్ముల్ని బయటికి తీశాను. రుద్దాను. ఊదాను. తిరిగి పెట్టేటప్పుడు ఈసారి గట్టిగా నొక్కితే "టక్" మంది. ఆ చప్పుడు విన్నాక గాని తెలియలేదు, పొద్దున్న నాలుగో స్లాటువాణ్ణి పెట్టినప్పుడు ఆ "టక్" వినపడలేదని! విరుగుతుందేమోనని భయపడి సగమే కూర్చోబెట్టాను. రబ్బరుకు ఇందులో పాత్ర ఏమీ లేదు. ఈ సత్యం నాకూ పాఠకులకూ తప్ప ఎవరికీ తెలియదు. నాన్నగారు ఇప్పటికి నాలుగిళ్ళలో ఆ రబ్బరు కథ చెప్పారు.

చంద్రోదయం. సాయంత్రం ఆరూ నలభైకి, ఇరవై రెండంగుళాల తూర్పుకొండ మీద, మొదట మసక నీలం, ఆపైన తెల్లటి అక్షరాలు. బయోస్! చకోరాల్లాగా ముగ్గురం నోళ్ళు తెరిచి ఆ వెన్నెల తాగాం.

బయోస్‌లో రెండు పనులు. గడియారం ఎప్పటిదో తేదీ చూపిస్తోంది, సరిచేశాను. బోర్డు మీద రూపాయి బిళ్ళలాంటి సి.ఆర్. 2032 బ్యాటరీ ఉంటుంది, మూడు వోల్టులది. ప్లగ్గు పీకేసినా, ఇల్లంతా నిద్రపోయినా, చీకట్లో కూర్చొని కాలం లెక్కపెడుతూనే ఉంటుంది. ఆ ఉద్యోగానికి ఎవరూ హారతివ్వరు. రెండో పని ర్యామ్ వేగం. 3200 అని డబ్బా మీద అచ్చేసి డబ్బు పుచ్చుకున్న గుర్రం 2666తో నడుస్తోంది. జబ్బేమీ కాదు. ఎక్స్.ఎం.పి. అనే మీట మనంతట మనం వేసేదాకా అది జాగ్రత్త నడకే నడుస్తుంది. వేశాను. ఈ మీట సంగతి తెలియక ఏళ్ళ తరబడి పంచకల్యాణిని జట్కాకు కట్టి తోలుతున్న ఇళ్ళు ఎన్నో ఉండి ఉంటాయి.

తరువాత ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్ గుచ్చి విండోస్ 11ను ఆవాహన చేశాను. గృహప్రవేశం బాగానే జరుగుతోంది. ఎస్.ఎస్.డి. వైశాల్యం తెర మీద కనబడగానే నాన్నగారు కళ్ళజోడు సవరించుకున్నారు.

"అయిదొందలు కొన్నావు కదరా? 465 అంటోందే. మిగతా ముప్పై అయిదు ఎవరు తిన్నారు?"

ఎవరూ తినలేదు. తయారుచేసినవాడు వెయ్యి చొప్పున లెక్కపెడతాడు, యంత్రం వెయ్యిన్నీ ఇరవైనాలుగు చొప్పున లెక్కపెడుతుంది. ఒకే బియ్యం, రెండు తూనికలు. వీశెలు పోయి కిలోలు వచ్చినప్పుడు మా తాతగారు కోమటి కొట్టు ముందు నిలబడి ఇలాగే గొడవపడ్డారట. నాన్నగారు అది గుర్తుచేసుకొని ఆ ముప్పై అయిదునూ క్షమించారు. కానీ వెంటనే ఇంకోటి పట్టుకున్నారు.

"ఈ 'సి' డ్రైవ్ ఏమిటి? 'ఎ', 'బి' ఏవి? క, ఖ వదిలేసి గ నుంచి అక్షరాభ్యాసం చేసినట్టు!"

ఆ రెండూ ఫ్లాపీలవని చెప్పాను. చదరపు పలకల్లాంటి డిస్కులు, ఒక్కోదాంట్లో 1.44 ఎంబీ పట్టేది. అవి కాలం చేశాయి. పీటలు మాత్రం అలాగే వదిలేశారు, ఎవరూ కూర్చోరు. "పెద్దల పీటలన్నమాట" అన్నారు. అవును.

అంతలో ద్వారపాలకుడు అడ్డం. ఇంటర్నెట్ ఉంటే గాని ముందుకు పోనివ్వనన్నాడు. ఇంటర్నెట్ కావాలంటే వైఫై పలకాలి. వైఫై పలకాలంటే దాని డ్రైవర్ వెయ్యాలి. డ్రైవర్ తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. బోర్డు చేసినవారు డ్రైవర్లన్నీ ఒక సీడీలో పెట్టి పెట్టెలో ఇచ్చారు. ఆ సీడీ పెట్టే గుమ్మం మా క్యాబినెట్‌కు లేదు, ఈ మధ్య క్యాబినెట్లలో ఎక్కడా పెద్దగా కనబడడం లేదు. తాళంచెవి పెట్టెలో వేసి ఆ పెట్టెకే తాళం వేసిన మహానుభావులకు నమస్కారం. రౌటర్ చూస్తే హాల్లో, కేబుల్ రెండు గజాలు పొట్టి.

సేతుబంధనం తప్పలేదు. శ్రీరామచంద్రుడికి నూరు యోజనాల సముద్రం, నాకు గది నుంచి హాలు. ఆయనకు వానరసేన, నాకు ఒక మీటరు ఛార్జింగ్ తీగ. ఫోనును దాంతో క్యాబినెట్‌కు కట్టి, యు.ఎస్.బి. టెదరింగ్ అనే మీట నొక్కాను. ఫోన్లోని డేటా ఆ తీగ మీదుగా నడిచి అవతలి ఒడ్డు చేరింది. ద్వారపాలకుడు పక్కకు తొలిగాడు. నా ఒకటిన్నర జీబీ రోజుకూలీ ఆ రాత్రి అప్‌డేట్ల రథచక్రాల కింద పడి నలిగిపోయింది. ఉడత సాయంగా నాన్నగారు తన ఫోనూ ఇచ్చారు. అప్‌డేట్ల గురించి ఇంతకంటే చెప్పను. స్వామి నాలుగుసార్లు పడుకొని లేచాడు, మేం ఒకసారి.

పద్దెనిమిది వర్ణనల్లో ఇంకా బాకీ ఉన్నవి చకచకా తీర్చేస్తాను. జలక్రీడ: నీళ్ళతో చల్లబరిచే కూలర్లున్నాయి, మా బడ్జెట్లో లేవు. మధుపానం: టీ, ఐదోసారి. ద్యూతం: సాలిటేర్, 1990లో విండోస్ 3.0తో ఆఫీసుల్లో అడుగుపెట్టి ఎందరి మధ్యాహ్నాలనో అరణ్యవాసానికి పంపిన ఆట. అమ్మ దాన్ని పది నిమిషాల్లో నేర్చేసుకుంది. విప్రలంభం: ప్రింటర్. అది ఉన్నట్టు ఫోనుకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. ఆ విరహం ఇంకా సాగుతోంది.

నామకరణం మాత్రం శాస్త్రోక్తంగా జరిగింది. యంత్రం పుట్టుకతో తెచ్చుకున్న పేరు డెస్క్‌టాప్ అన్న మాట, దాని వెనక అర్థంలేని అక్షరాల తోక. నాన్నగారు "శ్రీవల్లీదేవసేనాసమేత..." అని మొదలుపెట్టారు. పేరు పదిహేను ఇంగ్లీషు అక్షరాలు దాటకూడదని, మధ్యలో ఖాళీ ఉండరాదని చెప్పాను. కాసేపు అలిగి, "షణ్ముఖ" అన్నారు. ఆరు కోర్ల సంగతి ఆయనకు నేను చెప్పలేదు. అమ్మ ఆ పూట నెమలి రంగుల్లో ఏదో పోలిక చూసి ఆయనకు చెప్పిందట. మౌసు తెచ్చి కుడిపక్కన పెట్టాను. అన్నగారి వాహనం తమ్ముడి గుమ్మంలో కట్టేశాం. కుటుంబం నిండింది.

మిగిలింది కొలువు తీర్చడం. గూగుల్ ఫాంట్స్ గూటిలో తెలుగు ఖతులు ఉచితంగా దొరుకుతాయి. వాటి పేర్లు చదివిపెడుతుంటే నాన్నగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. పెద్దన. తిమ్మన. ధూర్జటి. మల్లన్న. రామభద్ర. సూరన్న. రామరాజ. తెనాలి రామకృష్ణ. వేళ్ళ మీద లెక్కపెట్టారు: ఎనిమిది. "మరి రాయలవారేరీ?" అనబోయేలోపే శ్రీకృష్ణదేవరాయ కనిపించాడు. అందర్నీ ఒకేసారి ఎంచి, ఇన్‌స్టాల్ అన్న మాట మీద అన్నగారి వాహనంతో ఒక్క పోటు. భువనవిజయం మూడు సెకన్లలో కొలువుతీరింది. అదే గూటిలో గిడుగు, గురజాడ కూడా ఉన్నారు, వాళ్ళనూ దింపాను. "గిడుగు రామ్మూర్తి పంతులుగారిని పెద్దనగారి పక్కన కూర్చోబెట్టావా? ఇక రాత్రంతా వాదనే" అన్నారు నాన్నగారు సంతోషంగా. పెద్దన ఖతి శీర్షికలకూ, ఆహ్వానపత్రికలకూ బాగుంటుందని చెబితే మాత్రం మొహం ముడుచుకుంది. "ఆంధ్రకవితాపితామహుడు శుభలేఖలకా!" చివరికి వ్యాసానికి మండలి ఖాయమైంది. ఆయన కళ్ళకు తగ్గట్టు తెర మీద అన్నిటినీ ఒకటిన్నర రెట్లు పెంచాను.

కీబోర్డు దగ్గర రెండు దారులున్నాయి. ఇంగ్లీషు అక్షరాల ఉచ్చారణ మీద నడిచే ఫొనెటిక్ ఒకటి, విండోస్‌లోనే 2019 నుంచి ఉంది. అచ్చుల్ని దాదాపుగా ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువవాటిని కుడిచేతికి పంచే ఇన్‌స్క్రిప్ట్ ఇంకొకటి. "నా భాష రాయడానికి వాళ్ళ భాష మీదుగా చుట్టుతిరిగి రావడమెందుకు?" అని ఆయన ఇన్‌స్క్రిప్టే అన్నారు. కొత్త నోటుపుస్తకం మొదటి పేజీ నెత్తిన రాసినట్టు, తెర మీద మొదట "శ్రీ" రాశారు. నోటితో ఒక్క అక్షరం. యంత్రానికి నాలుగు మీటలు: శ, పొల్లు, ర, దీర్ఘం. దాచుకోవడానికి పన్నెండు బైట్లు. ఆ నాలుగూ విడివిడిగా వచ్చి, చివరి మీటతో చేతులు కలిపి ఒక్క రూపమైనప్పుడు ఆయన చూపుడువేలు గాల్లో ఆగిపోయింది. "ఇది చేస్తోందేమిరా, సంధి!" అన్నారు.

సంధి ఎక్కువైన సందర్భం కూడా వచ్చింది. "కంప్యూటర్‌కు" అని రాయబోతే "కంప్యూటర్కు" అయింది, ర కింద క వత్తు చేరి. అక్కడికి ఒక అదృశ్యవీరుణ్ణి పిలవాలి. వెడల్పు సున్నా, రూపం సున్నా, కాగితం మీద అచ్చు పడడు. రెండక్షరాల మధ్య నిలబడి వాటిని అంటుకోనివ్వడు, అంతే అతని ఉద్యోగం. ఇప్పుడు తెర మీద మనం చదివే దాదాపు ప్రతి తెలుగు పేజీలోనూ, సాఫ్ట్‌కూ వేర్‌కూ మధ్య, ఫోన్‌కూ లోకూ మధ్య, అతనున్నాడు. ముప్పై ఏళ్ళు సంధులు చెప్పిన మనిషి, విసంధి కోసం ఇలా ఒకణ్ణి జీతమిచ్చి పెట్టారని విని చాలాసేపు నవ్వారు.

ఆపైన వ్యాసం. "మా ఊరి చె" దాకా వచ్చి ఆగారు. ఆయన చెఱువుకు బండి ఱ కావాలి. మామూలు ర తో ఆయన ఊళ్ళో చెఱువు ఎండిపోతుంది. వెతుకుతున్నారు. ఆరు ముఖాలు, పన్నెండు చేతులు, సెకనుకు 390 కోట్ల అంగలు, అన్నీ కలిసి ఒక చూపుడువేలి కింద చేతులు కట్టుకొని నిలబడ్డాయి. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. పని: ఒక శాతం.

"ర మీటనే షిఫ్ట్‌తో నొక్కండి నాన్నా."

ఱ వచ్చింది. చెఱువు నిండింది. గట్టు వచ్చింది, గట్టు మీద రావిచెట్టు వచ్చింది. మూడో వాక్యంలో ఉండగా కరెంటు పోయింది. గదంతా చీకటి, బల్ల కింద యు.పి.ఎస్. కుయ్ కుయ్ మని మొత్తుకుంటోంది, చీకట్లో నెమలి ఒక్కటే ఆడుతోంది.

"పది నిమిషాలుంటుంది నాన్నా, కంగారు లేదు. ముందు రాసింది దాచండి."

"ఎక్కడ నొక్కాలి?"

"పైన ఎడమ పక్కన, ఆ చదరపు బొమ్మ."

మౌసును అక్కడికి తీసుకెళ్ళి, కళ్ళజోడు పైకి తోసి, తెర మీదికి వంగి చూశారు. పలకలాంటి చదరం, ఒక మూల కోసి ఉంది, పైన చిన్న రేకు.

"ఇదేమిట్రా?"

"ఫ్లాపీ. ఇందాక మీరడిగారే, 'ఎ' ఏదని."

"ఓహో, పెద్దవారు ఇక్కడున్నారా" అని, నొక్కారు.